దూరపు పరుగు తర్వాత కాళ్ల నొప్పి, వాపు: మొదటి పది నిమిషాల నుంచి ఐదో రోజు దాకా

హన్మకొండలో తెల్లవారుజామున భద్రకాళి బండ్ మీదికో, వడ్డేపల్లి చెరువు కట్ట మీదికో వెళ్తే పరుగెత్తేవాళ్లు చాలామందే కనిపిస్తారు. కానిస్టేబుల్ ఉద్యోగానికో, ఆర్మీకో తయారయ్యే పిల్లలు కొందరు, ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ కోసం దూరం పెంచుకుంటున్నవాళ్లు ఇంకొందరు. పరుగు ఎట్లా పెంచాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు. పరుగు ఆపాక కాళ్లను ఎట్లా చూసుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే పదిహేను, ఇరవై కిలోమీటర్లు పరుగెత్తి ఇంటికొచ్చి వేడినీళ్లు పోసుకుని, బామ్ రాసి గట్టిగా పిసికించుకుని, ఒక నొప్పి మాత్ర వేసుకుని పడుకుంటారు. ఈ నాలుగు పనులూ ఆ సమయంలో చేయకూడనివే.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. నొప్పి వేరు, వాపు వేరు. రెండింటి కారణాలు వేరు, తగ్గే వేగం వేరు, చేయాల్సిన పనులు కూడా చాలావరకు వేరే.

నొప్పి ఎందుకు, వాపు ఎందుకు

పరుగులో కాలు నేలను తాకిన ప్రతిసారీ తొడ ముందు కండ, పిక్క కండ సాగుతూనే బరువును ఆపుతాయి. అట్లా సాగుతూ పనిచేసినప్పుడు కండ పోగుల్లో సూక్ష్మమైన చిరుగులు పడతాయి. వాటిని బాగుచేయడానికి శరీరం మొదలుపెట్టే పనే మంట, సలుపు, బిగుతు. అందుకే ఈ నొప్పి వెంటనే రాదు. పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల తర్వాత మొదలై, రెండో మూడో రోజు బాగా ముదిరి, ఐదు నుంచి ఏడు రోజుల్లో పోతుంది. దిగుడు దారిలో పరుగెత్తితే ఎక్కువ వస్తుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయి మరునాడు నొప్పి వస్తుందనే మాట ఇప్పటికీ గ్రౌండ్లలో వినిపిస్తుంది. అది పరుగు ఆపిన గంట, గంటన్నరలోనే రక్తంలోంచి వెళ్లిపోతుంది. మరునాటి నొప్పికి దానితో సంబంధం లేదు.

వాపుకు కారణాలు ఒకటికి మించి ఉంటాయి. పరుగులో కాళ్లకు రక్తం ఎన్నో రెట్లు ఎక్కువగా వెళ్తుంది. ఎండకు చర్మం కింది రక్తనాళాలు ఇంకా విచ్చుకుంటాయి. ఆ రక్తాన్ని తిరిగి పైకి తోసేది ప్రధానంగా పిక్క కండే. అడుగు వేసినప్పుడల్లా అది సిరలను నొక్కి రక్తాన్ని గుండె వైపు పంపుతుంది. ముగింపు గీత దాటగానే నిలబడిపోతే ఆ తోపుడు ఆగిపోయి, నీరు నాళాల్లోంచి కణజాలంలోకి ఊరుతుంది. దీనికి తోడు ఉప్పు లేని నీళ్లు లీటర్లకు లీటర్లు తాగితే పాదాలతో పాటు చేతివేళ్లు కూడా ఉబ్బుతాయి.

మీది ఏ వాపో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. మోకాలి కింద ముందువైపు బొక్క (ఎముక) మీద, గిలకకు (చీలమండకు) నాలుగు వేళ్ల పైన, బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి తీయండి. గుంట పడి మెల్లగా పూడుతుంటే అది నీరు చేరిన వాపు. గుంట పడకుండా, పిక్కో తొడో గట్టిగా బిగుసుకుని ముట్టుకుంటే నొప్పి పెడుతుంటే అది కండ లోపలి వాపు. మొదటిది కాళ్లు ఎత్తి పెడితే ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. రెండోదానికి రోజులు కావాలి.

మొదటి పది నిమిషాలు

ఆగకండి, కూర్చోకండి. పరుగును నడకలోకి దించి పది నిమిషాలు మామూలుగా నడవండి. ఒక్కసారిగా ఆగితే వాపు సంగతి అటుంచి, రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. నడుస్తూనే బూట్ల లేసులు వదులు చేయండి. గంటన్నర పరుగు తర్వాత పాదం కొంచెం పెరిగి ఉంటుంది. బిగుతు లేసు పాదం పైభాగంలో నరాన్ని నొక్కితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

ఆ తర్వాత బూట్లు, సాక్సులు విప్పి పాదాలు చూసుకోండి. బొబ్బ పగిలి ఉంటే శుభ్రమైన నీళ్లతో, సబ్బుతో కడిగి ఆరబెట్టి కట్టు కట్టండి. మూడో రోజు వచ్చే జ్వరంతో కూడిన వాపుకు తరచుగా ఈ బొబ్బే మూలం. స్ట్రెచింగ్ చేయాలనిపిస్తే నెమ్మదిగా చేయండి, నష్టం లేదు. కానీ మరునాటి నొప్పిని అది తగ్గించేది అతి స్వల్పం. నొప్పి పుట్టేదాకా లాగడం మాత్రం చిరిగిన పోగుల్ని ఇంకా చింపడమే.

మొదటి రెండు గంటలు: తాగడం, తినడం

ఎంత తాగాలో ఊహ మీద వదలకండి. పరుగుకు ముందు మూత్రానికి వెళ్లొచ్చి తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. పరుగు అయ్యాక చెమట తుడుచుకుని మళ్లీ చూడండి. తగ్గిన ప్రతి కిలోకు లీటరుంబావు నుంచి లీటరున్నర ద్రవం, నాలుగు నుంచి ఆరు గంటల్లో సర్ది తాగాలి. ఉదాహరణకు 62 కిలోల మనిషి 60.5 కిలోలకు వస్తే తగ్గింది కిలోన్నర. ఆయనకు కావాల్సింది దాదాపు రెండు లీటర్లు. పావుగంటకోసారి 150 నుంచి 200 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న గ్లాసు. ఒకేసారి లీటరు బాటిల్ ఎత్తి తాగితే కడుపు ఉబ్బి, సగం మూత్రంగా పోతుంది.

ఆ ద్రవంలో ఉప్పు ఉండాలి. మెడికల్ షాపులో దొరికే ఓఆర్ఎస్ పెద్ద పొడి ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలో కలపండి. రుచి కోసం తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే పేగులు నీళ్లను పీల్చుకోవు. డబ్బాల్లో వచ్చే తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు, ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి. ఇంట్లో చేసుకోవాలంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తల కొట్టి కొలవాలి. ఉప్పు వేసిన పల్చటి సల్ల (మజ్జిగ) దీనికి మంచి తోడు.

బరువు తగ్గకపోగా పెరిగి ఉంటే ఇంకేమీ తాగకండి. మూత్రం ధారాళంగా వచ్చేదాకా ఆగండి. పరుగులో ప్రతి స్టాల్ దగ్గరా ఆగి నీళ్లు తాగుతూ నెమ్మదిగా నాలుగైదు గంటలు పరుగెత్తేవాళ్లకే ఇది ఎక్కువగా జరుగుతుంది.

తిండి గంటలోపు పడాలి. శరీర బరువులో కిలోకు ఒక గ్రాము పిండిపదార్థం, మొత్తం మీద 20 నుంచి 25 గ్రాముల ప్రొటీన్ మొదటి లక్ష్యం. 60 కిలోల మనిషికి రెండు అరటిపండ్లు, ఒక గ్లాసు తీపి పాలు, మూడు ఉడికించిన గుడ్లు దాదాపు సరిపోతాయి. గుడ్డు తిననివాళ్లకు 50 గ్రాముల మీల్ మేకర్ కూరలో దాదాపు 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అన్నంతో కానీ జొన్నరొట్టెతో కానీ తినవచ్చు. జొన్న అంబలి కడుపుకు హాయే, కానీ పల్చగా ఉంటుంది కాబట్టి అదొక్కటే తాగి ఊరుకుంటే చాలదు. ఆ రోజు కల్లు, బీరు మానేయండి. నీళ్లను బయటికి పంపుతాయి, రాత్రి నిద్రను చెడగొడతాయి, చిరిగిన కండ బాగుపడటాన్ని ఆలస్యం చేస్తాయి.

చన్నీళ్లలో కాళ్లు: ఎంత చల్లన, ఎంతసేపు, ఎంత ఐస్

ఇది రోజూ చేయాల్సిన పని కాదు. పదిహేను కిలోమీటర్లు దాటిన పరుగుకో, పోటీకో దాచుకోండి. బరువులెత్తి కాళ్ల బలం పెంచుకుంటున్న రోజుల్లో ప్రతిసారీ చన్నీళ్లలో దిగితే కండ బలపడటం తగ్గుతుంది.

నీళ్లు 10 నుంచి 15 డిగ్రీల మధ్య, సమయం 10 నుంచి 12 నిమిషాలు. అంతకన్నా చల్లగా, అంతకన్నా ఎక్కువసేపు ఉంటే లాభం పెరగదు, చర్మం మాత్రం దెబ్బతింటుంది. మన దగ్గర కుళాయి తిప్పితే ఈ చల్లదనం ఏ కాలంలోనూ రాదు, ఐస్ కలపాల్సిందే. లెక్క ఇది: అరవై లీటర్ల నీళ్లు 30 డిగ్రీల నుంచి 15కు దిగాలంటే తొమ్మిదిన్నర కిలోల ఐస్ కావాలి. అదే మే నెలలో మిద్దె మీది ట్యాంకులో 38 డిగ్రీలకు కాగిన నీళ్లతో మొదలుపెడితే పద్నాలుగున్నర కిలోలు. అందుకే నీళ్లు అప్పుడే తోడిన బోరువో, రాత్రి గోలెంలో పోసి నీడన ఉంచినవో అయి ఉండాలి. ఫ్రిజ్‌లోని రెండు ట్రేల ఐస్ ముక్కలు అంత నీళ్లలో వేస్తే ఒక డిగ్రీ కూడా తగ్గదు. చికెన్, చేపల దుకాణాలకు ఐస్ ఇచ్చే ఫ్యాక్టరీలో దిమ్మ కొని, గోనె సంచిలో వేసి కొట్టి ముక్కలు చేసుకోండి. ముక్కలు చిన్నవైతే త్వరగా కరుగుతాయి. కలియబెట్టి, థర్మామీటర్‌తో చూశాకే దిగండి.

పాత్ర ఎంచుకునేటప్పుడు లోతు చూడండి. నీళ్ల బరువే కాలిని నొక్కి వాపును పైకి తోస్తుంది. 45 సెంటీమీటర్ల లోతులో గిలక దగ్గర పడే ఒత్తిడి సుమారు 33 మిల్లీమీటర్ల పాదరసం, మామూలు కంప్రెషన్ సాక్సు (పిక్కను బిగువుగా పట్టి ఉంచే సాక్సు) ఇచ్చే దానికన్నా ఎక్కువ. అంటే ఐస్ దొరక్కపోయినా మోకాళ్ల దాకా మామూలు నీళ్లున్న డ్రమ్ములో పదిహేను నిమిషాలు నిలబడి, మడమలు ఎత్తుతూ దించుతూ ఉంటే వాపుకు పని జరుగుతుంది. బకెట్‌లో పాదాలు ముంచితే గిలక దాకానే లాభం. తొడలు పట్టేస్తే నడుము దాకా మునిగే టబ్బు కావాలి. చెరువులో మాత్రం దిగకండి. పగిలిన బొబ్బలకు ఆ నీళ్లు పనికిరావు.

షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఐస్ నీళ్ల జోలికి వెళ్లొద్దు. ఐస్‌ను నేరుగా చర్మానికి పెట్టడం ఎవరికీ మంచిది కాదు. తడి తువ్వాలలో చుట్టి పదిహేను నిమిషాలే.

వేడినీళ్ల స్నానం, వేడి కాపడం మొదటి ఇరవై నాలుగు గంటలు వద్దు. అప్పటికే విచ్చుకున్న నాళాలను వేడి ఇంకా తెరుస్తుంది, వాపు పెరుగుతుంది. రెండో రోజు నుంచి వాపు పోయి బిగుతు మాత్రమే మిగిలితే అప్పుడు గోరువెచ్చటి నీళ్లు హాయిగా ఉంటాయి.

కాళ్లు ఎత్తి పెట్టడం

ఖర్చు లేని పని, వాపుకు దీన్ని మించింది లేదు. కానీ చాలామంది తప్పుగా చేస్తారు. కుర్చీలో కూర్చుని ఎదురుగా స్టూలు మీద కాళ్లు పెట్టుకుంటే పాదం గుండె కన్నా కిందనే ఉంటుంది. వెల్లకిలా పడుకుని, మడమలు గుండె కన్నా ఒక జానెడు పైకి ఉండేట్టు పెట్టాలి. చాప మీద పడుకుని కాళ్లు గోడకు ఆనించవచ్చు. మంచం మీదైతే పిక్కల కింద మూడు దిండ్లు. దిండు మోకాలి వెనక ఒక్కచోటే పెడితే అక్కడి సిర నలుగుతుంది, పిక్క పొడవునా ఆనేట్టు పరచండి.

పదిహేను నుంచి ఇరవై నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. పెట్టి ఊరుకోకుండా నిమిషానికోసారి పాదాన్ని మీ వైపు లాగి, ముందుకు వంచండి, ఒక్కోసారి ఇరవై సార్లు. రెండో రోజు పొద్దున లేచేసరికి గిలక బొడిపె మళ్లీ స్పష్టంగా కనిపిస్తుంటే పని సరిగ్గా జరిగినట్టే.

కంప్రెషన్ సాక్సు, క్రేప్ బ్యాండేజీ

సాక్సు 15 నుంచి 20 మి.మీ. పాదరసం ఒత్తిడిది చాలు. కొలతలు వాపు లేని పొద్దుటి పూట తీసుకోవాలి: గిలక పైన అతి సన్నటి చోట చుట్టుకొలత, పిక్క అతి లావు చోట చుట్టుకొలత. బూటు సైజు చూసి కొంటే పైన బిగుసుకుని కింద వదులవుతుంది, అది వాపును పాదంలోకి తోస్తుంది. పరుగు తర్వాత మొదటి రోజంతా మెలకువగా ఉన్నప్పుడు వేసుకుని, పడుకునేటప్పుడు తీసేయండి.

బ్యాండేజీ అయితే పది సెంటీమీటర్ల వెడల్పుది. వేళ్ల మొదట్లో మొదలుపెట్టి, గిలక చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పి, ప్రతి చుట్టు ముందు చుట్టును సగం కప్పేట్టు మోకాలి కింది దాకా. కింద కొంచెం బిగువు, పైకి పోయేకొద్దీ వదులు. కట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి, రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. రాకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా విప్పి మళ్లీ కట్టండి.

మర్దన

మొదటి రోజు పిసికించుకోవద్దు. సాయంత్రం కొబ్బరినూనెతోనో నువ్వులనూనెతోనో అరచేతితో గిలక నుంచి మోకాలి వైపు, మోకాలి నుంచి తొడ పైకి, నెమ్మదిగా నిమరండి. ఒక్కో కాలికి ఐదు నిమిషాలు. దిశ ఎప్పుడూ పైకే. రెండో రోజు నుంచి ఒత్తిడి కొంచెం పెంచవచ్చు. కండ మీద దొర్లించే ఫోమ్ రోలర్ లేకపోతే రొట్టెల కర్ర చాలు, ఒక్కో కండ మీద ఒకటి రెండు నిమిషాలు. మోకాలి చిప్ప మీద, ముందు బొక్క మీద తిప్పకండి. బామ్, స్ప్రేలు చర్మానికి వేడినో చల్లదనాన్నో తగిలించి నొప్పి తెలియకుండా చేస్తాయి. చిరిగిన పోగును అవి బాగుచేయవు, వాపునూ తీయవు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి ఉంటే మర్దన పూర్తిగా వద్దు. ఎందుకో కింద చెప్పాం.

మాత్రలు

ఇక్కడ మనవాళ్ల అలవాటు ప్రమాదకరంగా ఉంది. చెమటలో నీళ్లు పోయి, కిడ్నీలకు రక్తం తగ్గి ఉన్న సమయంలో ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినవచ్చు. పరుగుకు ముందు, పరుగులో, ఆ రోజంతా వాటిని ముట్టకండి. తప్పదనుకుంటే, తిని, నీళ్లు తాగి, మూత్రం లేత పసుపు రంగులోకి వచ్చాక పారాసిటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాములు. రెండు మోతాదుల మధ్య ఆరు గంటలు, రోజుకు మూడు గ్రాములు దాటకూడదు. మెడికల్ షాపులో చేతికిచ్చే జంట మాత్రల్లో పారాసిటమాల్ ముందే కలిసి ఉంటుంది, వాటి మీద మళ్లీ వేరే పారాసిటమాల్ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. వాపుకని మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర సొంతంగా అస్సలు వద్దు.

హైదరాబాద్ నుంచి తిరుగు ప్రయాణం

పోటీ అయ్యాక సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేటలో దిగేసరికి రెండు గంటలు, బస్సులో అయితే మూడు గంటలకు పైనే. కాళ్లు వేలాడేసి కదలకుండా కూర్చుంటే, అప్పటిదాకా లేని వాపు ఇంటికొచ్చేసరికి కనిపిస్తుంది. వీలైతే రైలే ఎంచుకోండి, లేచి నడవవచ్చు. నడవా పక్క సీటు, కంప్రెషన్ సాక్సు, వదులు చెప్పులు. ప్రతి అరగంటకు ముప్పై సార్లు మడమలు ఎత్తి దించడం, గంటకోసారి లేచి పెట్టె చివరిదాకా నడిచి రావడం. ఇంటికి చేరగానే ఇరవై నిమిషాలు గోడకు కాళ్లు.

రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా

రెండో రోజు మెట్లు దిగడం అన్నిటికన్నా కష్టం. రెయిలింగ్ పట్టుకుని పక్కకు తిరిగి దిగండి. కింద కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో తొడలు పట్టేసినవాళ్లు లేవలేక పడిపోతారు, గట్టిగా పట్టుకునేందుకు ఏదైనా ఆసరా ముందే చూసుకోండి. ఆ రోజు మంచం పట్టడం కన్నా చదునైన దారిలో ఇరవై, ముప్పై నిమిషాలు నడవడం లేదా సైకిల్ నెమ్మదిగా తొక్కడం మేలు. కదులుతున్నంతసేపు నొప్పి తగ్గుతుంది, వాపు కూడా దిగుతుంది. మూడో రోజు కూడా అంతే. రాత్రి ఎనిమిది గంటల నిద్ర ఈ రోజుల్లో ఏ మాత్రా ఇవ్వని లాభం ఇస్తుంది.

మళ్లీ పరుగు ఎప్పుడంటే, మెట్లు పట్టుకోకుండా దిగగలిగినప్పుడు, ఒంటికాలి మీద పది సార్లు ఎగిరినా బొక్కలో ఒక్కచోట పొడిచినట్టు నొప్పి రానప్పుడు. 21 కిలోమీటర్ల పరుగు తర్వాత సాధారణంగా నాలుగైదు రోజులు పడుతుంది. పూర్తి మారథాన్ తర్వాత కనీసం వారం పరుగు మానండి, వేగం పరుగులకు మూడు నాలుగు వారాలు ఆగండి. నొప్పి మాత్ర వేసుకుని చేసే పరీక్షకు విలువ లేదు.

ఇవి కనిపిస్తే ఇంటి వైద్యం ఆపండి

దర్జీ టేపుతో రెండు పిక్కలూ కొలవండి, మోకాలి కింద ముందు బొక్క మీది బొడిపె నుంచి పది సెంటీమీటర్లు దిగువన. రెండింటి మధ్య తేడా మూడు సెంటీమీటర్లు దాటి, ఆ పిక్క వేడిగా, ఎర్రగా, నొక్కితే నొప్పిగా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. మర్దన చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు వెళ్లే ప్రమాదం ఉంది. అదే రోజు డాప్లర్ స్కాన్ (నాళాల్లో రక్తం పారే తీరు చూసే స్కాన్) చేయగల ఆసుపత్రికి వెళ్లండి. దీనికి తోడు ఆయాసం, ఛాతీలో పోటు ఉంటే 108కి ఫోన్ చేయడమే.

మూత్రం డికాక్షన్ రంగులోకి మారి, తొడలు భరించలేనంత నొప్పిగా, బలం లేకుండా ఉంటే కండ విపరీతంగా కరిగి కిడ్నీల్లోకి చేరుతున్నట్టు. గంటలు లెక్క, మరునాటి దాకా ఆగొద్దు. వేళ్లు ఉబ్బి, తలనొప్పి, వాంతులు, మాట తికమక ఉంటే రక్తంలో ఉప్పు పడిపోయి ఉండవచ్చు. అప్పుడు నీళ్లు తాగించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మోకాలి కింద ముందు కండ రాయిలా గట్టిపడి, పాదం పైకి ఎత్తలేకపోతే కూడా అత్యవసరమే. బొక్క మీద ఒక్క వేలితో చూపించగలిగే చోట నొప్పి, రాత్రి పడుకున్నా తగ్గకపోతే అది బొక్కలో పగులు కావచ్చు, ఎముకల డాక్టర్‌ను కలవండి.

ఇంకొకటి, మన ప్రాంతంలో బోదకాలు కొత్త జబ్బు కాదు. పరుగుతో సంబంధం లేకుండా ఒకే కాలు వారాల తరబడి వాచి, మధ్య మధ్య చలిజ్వరం, గజ్జల్లో బిళ్లలు వస్తుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. దాని క్రిములు రక్తంలో రాత్రిపూట ఎక్కువగా తిరుగుతాయి, అందుకే ఆ రక్తపరీక్ష రాత్రి చేస్తారు.

వచ్చే పోటీకి ముందే

చెరువు కట్టలు చదునుగా ఉంటాయి. హైదరాబాద్ దారిలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి. కట్ట మీద మాత్రమే సాధన చేసి అక్కడికి వెళ్లినవాళ్ల తొడలు రెండో రోజు కదలనివ్వకపోవడానికి ఆ దిగుళ్లే కారణం. దీనికి మందు ముందే ఉంది. కండకు ఒకసారి దిగుడు అలవాటైతే, ఆ రక్షణ కొన్ని వారాల పాటు నిలుస్తుంది. పోటీకి మూడు నాలుగు వారాల ముందు ఏదైనా గుట్ట రోడ్డు చూసుకుని, 300, 400 మీటర్ల దిగుడును తేలికపాటి వేగంతో నాలుగు సార్లు పరుగెత్తండి, పైకి నడిచి రండి. చిన్న అడుగులు, మోకాలు కొంచెం వంచి. వారం తర్వాత ఆరు సార్లు. చివరి పది రోజుల్లో మాత్రం దిగుళ్లు వద్దు, ఆ నొప్పితోనే పోటీకి వెళ్లాల్సి వస్తుంది.